వినెడి యిల్లు, పలికెడి యిల్లు

ఒకప్పుడు కలవారి యిండ్లలో ముందుగదిలోని రేడియోకు గౌరవస్థానము ఉండెడిది. దానిపై అల్లికపని చేసిన గుడ్డ కప్పెడివారు. వార్తల వేళకు ఇరుగుపొరుగువారు వచ్చి అరుగుమీద కూర్చుండెడివారు. నేడు కొందఱి యిండ్లలో మెట్లక్రిందనో, బీరువాప్రక్కనో మఱియొక పెట్టె కనబడుచున్నది. దానికి తెఱ లేదు, మీటల పలక లేదు. పగలనక రాత్రియనక ఒక చిన్న పచ్చదీపము వెలుగుచుండును. చెవి యొగ్గినచో లోపల చిన్న పంకా తిరుగు చప్పుడు వినబడును. దీనిని గృహసర్వరు అందురు.

సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించు యంత్రము. పెద్ద సంస్థలు ఇట్టి యంత్రములను వేలకొలదిగ భవనములలో పేర్చి, లోకమంతటికి సమాచారమును అందించుచున్నవి. ఆ పనినే ఒక గృహస్థుడు తన యింటి ఛాయాచిత్రములకు, పాటలకు, పత్రములకు పరిమితము చేసికొని, ఒక పాత కంప్యూటరుతో సొంతముగ జరుపుకొనినచో అది గృహసర్వరు. ఈ పనిని జీవనోపాధికై చేయువారు అరుదు. వేడుకకొఱకు, పట్టుదలకొఱకు, రాత్రి నిద్ర మానుకొని చేయువారే యెక్కువ.

ఇది నిన్నమొన్నటి వింత యని పలువురి తలంపు. యంత్రము క్రొత్తదే, ప్రశ్న మాత్రము పాతది. ఇంటిలోని యంత్రము వినుటకు మాత్రమేనా, పలుకుటకు కూడనా? ఈ ప్రశ్నకు మన దేశములో నూఱేండ్ల చరిత్ర కలదు. మా కృష్ణాతీరము మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, చెన్నపట్టణములోనే మనవారికి అది మొదట ఎదురైనది.

1924 మే 16వ తేదీన అచ్చట కొందఱు ఉత్సాహవంతులు చేరి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిరి. వారిలో ముఖ్యుడు సి. వి. కృష్ణస్వామి చెట్టి. ఆయన ఇంగ్లండునుండి తెచ్చిన చిన్న ప్రసారయంత్రముతో ఆ యేటి జూలై 31వ తేదీన ప్రసారములు ఆరంభమైనవి. ఆ యంత్రపు శక్తి 40 వాట్లు. నేడు మన పైకప్పునకు వ్రేలాడు పాతకాలపు పంకా అంతకంటె ఎక్కువ విద్యుత్తును త్రాగును. తరువాత 200 వాట్ల యంత్రము వచ్చినది. బొంబాయిలోను, కలకత్తాలోను అంతకు ముందేడే, 1923లో, ఇట్టి క్లబ్బులు ప్రసారము మొదలిడినవి. అప్పటికి ఈ దేశములో ప్రభుత్వమువారి ప్రసారకేంద్రము ఒక్కటియు లేదు. మొదట క్రమముగ పలికినది ప్రభుత్వము కాదు, పెద్ద వర్తకసంస్థ కాదు. తీరికవేళల తీగెలు చుట్టుకొను ఔత్సాహికులు. ఈ సంగతిని నేటి శ్రోతలలో ఎఱిగినవారు కొలదిమందియే.

చందాలతో నడచు క్లబ్బు ఎంతకాలము నిలువగలదు? 1927 అక్టోబరులో ధనము చాలక అది ప్రసారములను ఆపివేసి, తన యంత్రమును చెన్నపట్టణపు కార్పొరేషనునకు దానము చేసినది. 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి కార్పొరేషనువారు దానితో ప్రసారములు నడిపిరి. సముద్రపు ఒడ్డున లౌడుస్పీకరులు పెట్టి షికారు వచ్చినవారికి సంగీతము వినిపించిరి. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో తన మద్రాసు కేంద్రమును తెఱచుటతో ఆ కథ ముగిసెను. తెలుగుమాట ఆకాశమార్గమున క్రమముగ వినబడుటకు ఆ కేంద్రమే ఆధారమైనది.

హైదరాబాదు కథయు ఇట్టిదే. తపాలాశాఖలో ఉద్యోగియైన మహబూబ్ అలీ 1933లో చిరాగ్ అలీ సందులో 200 వాట్ల యంత్రమును నెలకొల్పి సొంతముగ ప్రసారములు సాగించెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. దక్కన్ రేడియో పుట్టుక అది.

ఇంతలో చట్టము వచ్చినది. 1933నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము, అనుమతిపత్రము లేనిదే వైర్‌లెస్ పరికరమును ఇంట నుంచుకొనుటయే నేరము. పలుకు యంత్రమునకే కాదు, విను యంత్రమునకు కూడ లైసెన్సు కావలెను. రెండవ ప్రపంచయుద్ధము 1939లో ఆరంభము కాగానే ఔత్సాహిక ప్రసారకుల లైసెన్సులు రద్దయినవి. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమవేళ ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో ఇండ్లు మార్చుచు రహస్యముగ కాంగ్రెసు రేడియోను నడిపిరి. ఆగస్టులో మొదలైన ఆ గొంతు నవంబరు 12వ తేదీన పోలీసులు పట్టుకొనువఱకు పలికినది. ఒక యింటి గదిలో పట్టు యంత్రము ఒక సామ్రాజ్యమునకు కంటిలో నలుసైనదనిన, ఆ యంత్రముయొక్క బలమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్వతంత్రభారతములో 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. తరువాతి మూడు నాలుగు దశాబ్దములు వినెడి యింటికి స్వర్ణయుగము. ఏటేట పోస్టాఫీసునకు పోయి రుసుము కట్టి, లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొని వచ్చిన పెద్దలు ఇంకను మనలో కలరు. 1980లనాటికి గాని ఆ పద్ధతి పోలేదు. ఆ కాలమునందును చేతిపని మానని బాలురు ఉండిరి. గాలీనా స్ఫటికము, చుట్టుతీగె, చెవికి తగిలించు శ్రవణయంత్రము ఉన్నచో చాలును. విద్యుత్తుతో పనిలేకయే స్థానికకేంద్రము వినబడును. తరువాత ట్రాన్సిస్టరు వచ్చినది. చెన్నపట్టణపు రిచీ వీధిలోను, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను దొరకు విడిభాగములను పొట్లము కట్టించుకొని రైలులో తెచ్చుకొనెడివారు. 1969నుండి వెలువడు ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రికలోని పటములు వారికి పంచాంగము వంటివి.

విడిభాగములు కూర్చి బొమ్మ నిలుపు విద్య మా కొండపల్లికి క్రొత్త కాదు. కొండపల్లి బొమ్మ ఒకే కొయ్యనుండి పుట్టదు. తెల్లపొణికి కొయ్యతో చేతులు, కాళ్లు, తల వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపైన రంగులు దిద్దుదురు. అంబారీ ఏనుగు చెవి విఱిగినచో ఏనుగును పాఱవేయనక్కఱలేదు. చెవి మార్చిన చాలును. కంప్యూటరును సొంతముగ కూర్చుకొనువాని ధర్మసూత్రము సరిగా ఇదియే. అతికిన చోటు తెలిసినవాడే బాగుచేయగలవాడు.

ఇక కంప్యూటరు ఇంటికి వచ్చిన విధమును చూతము. ఇంటికి వచ్చుటకు ముందు అది దేశమునకు రావలెను గదా. కలకత్తాలోని భారతీయ గణాంకసంస్థకు 1955లో ఇంగ్లండునుండి మొదటి యంత్రము చేరినది. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ. సి. ఐ. ఎల్. సంస్థ 1969లో టి. డి. సి. 12 అను కంప్యూటరును స్వదేశములోనే నిర్మించెను. ఆ సంస్థకు మూలపురుషుడు డాక్టరు అయ్యగారి సాంబశివరావు; పశ్చిమగోదావరి జిల్లా మోగల్లువాడు. కాని యివి పరిశోధనశాలల యంత్రములు. శీతలీకరించిన గదులలో తెల్లకోటు తొడిగినవారికి మాత్రమే వాని దర్శనము.

గృహమునకు ద్వారము తెఱచినది అమెరికాలోని ఒక చిన్న వ్యాపారము. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రముపై ఆల్టెయిర్ 8800 అను పెట్టె కనబడెను. నాలుగువందల డాలర్ల లోపు ధరకు విడిభాగములు పంపుదురు. కొన్నవాడే కాచి అతికించుకొనవలెను. దానికి మీటలపలక లేదు, తెఱ లేదు. ముందు భాగమున మీటలు, ఎఱ్ఱదీపములు మాత్రమే. జ్ఞాపకశక్తి 256 అక్షరములంత. ఈ పత్రికలో ఒక చిన్న పేరా పట్టుటకు కూడ అది చాలదు. అయినను జనము ఎగబడిరి. ఆ యేటి మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలో ఒక గృహస్థుని కారుషెడ్డులో కొందఱు సమావేశమై హోంబ్రూ కంప్యూటరు క్లబ్బు పెట్టుకొనిరి. ఆ క్లబ్బు సభ్యుడైన స్టీవ్ వోజ్నియాక్ మఱుసటియేట ఆపిల్ యొక్క మొదటి యంత్రమును చేసెను. 1924నాటి చెన్నపట్టణమునకు, 1975నాటి ఆ షెడ్డునకు ఉత్సాహములో భేదము నాకు కనబడదు. భేదమంతయు తరువాతి భాగ్యములో ఉన్నది.

రేడియో శ్రోతలు ప్రత్యేకముగ గమనింపదగిన ఘట్టము ఒకటి ఇచ్చట కలదు. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషను ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పదలచి, ఆ పాఠములకు తోడుగ తన పేరుతోనే ఒక యంత్రమును తయారుచేయించినది. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ నిర్మించిన ఆ బి. బి. సి. మైక్రో 1981 డిసెంబరులో వెలువడెను. ఆ కాలపు గృహకంప్యూటరులలో పెక్కింటికి డిస్కు లేదు. సాధారణ క్యాసెట్టు టేపే భాండాగారము. సున్న అను అంకెకు సెకనుకు 1200 కంపనముల నాదము, ఒకటి అను అంకెకు 2400 కంపనముల నాదము. ఈ రెండు స్వరములతో ఏ లెక్కనైనను, ఏ ఆటనైనను టేపుపై ముద్రింపవచ్చును. నాదమే యైనప్పుడు దానిని రేడియోలో ప్రసారము చేసిన నేమి? హాలండులో హిల్వర్సమ్‌నుండి ‘హాబీస్కూప్’ అను కార్యక్రమము 1980 ప్రాంతమున అట్లే చేసినది. బి. బి. సి.యు తరువాత అనుసరించినది. శ్రోతలు ఆ కీచుకీచు ధ్వనిని టేపులో పట్టి తమ యంత్రమునకు వినిపించినచో, అది పనిచేయుట నేర్చుకొనెడిది. యంత్రములకొఱకు చదివిన రేడియో ప్రసంగమన్నమాట! ఇంత వింతయైన ప్రసంగము మా వృత్తి చరిత్రలో వేఱొకటి లేదు.

ఆ బి. బి. సి. యంత్రములే 1984లో క్లాస్ అను పథకము క్రింద మన దేశపు పాఠశాలలకు వచ్చినవి. పెక్కు బడులలో అవి తాళముల వెనుక గడిపిన కాలమే ఎక్కువ. ఆ సంగతిని ఇంతటితో విడిచెదను. అంతకన్న ముఖ్యమైనది ఆ యంత్రముల సంతతి. ఏకార్న్ సంస్థలోని సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు మఱి క్రొత్త యంత్రములకై రూపొందించిన ఆర్మ్ అను చిప్పు 1985లో పనిచేయసాగినది. నేడు మన చేతిలోని ఫోనులన్నింటను దాని వంశీయులే కలవు. 2012 ఫిబ్రవరి 29వ తేదీన కేంబ్రిడ్జినుండియే, బాలురకు నేర్పవలెనను సంకల్పముతో, 35 డాలర్ల ధరకు చీటిపేక ముక్కంత కంప్యూటరు వెలువడెను. దాని పేరు రాస్ప్‌బెరీ పై. అదియు ఆర్మ్ చిప్పుతోడిదే. బాలురకన్న ముందు దానిని చేజిక్కించుకొన్నవారు గృహసర్వరు ఔత్సాహికులు.

మన ప్రాంతమున 1990లలో కంప్యూటరు ఇంటికి వచ్చినది ‘అసెంబుల్డు’ రూపమున. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి అంగళ్ల సముదాయములలో మదరుబోర్డు ఒకచోట, డిస్కు ఒకచోట, పెట్టె ఒకచోట బేరమాడి కొని, నక్షత్రపుమఱతో బిగింపించుకొనెడివారు. కంపెనీ యంత్రముకన్న వేలు తగ్గెడిది. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమువారు ప్రజలకు ఇంటర్నెట్టును తెఱచిరి. టెలిఫోను తీగెపై సెకనుకు 9.6 కిలోబిట్లు, ఒక ఛాయాచిత్రము వచ్చులోపల కాఫీ త్రాగి రావచ్చును. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లైనక్స్ అను ఉచిత నిర్వాహకవ్యవస్థ 1990ల చివర ‘పీసీ క్వెస్ట్’ పత్రికతోపాటు డిస్కుపై ఇంటికి వచ్చెడిది. గృహసర్వరునకు ప్రాణము పోసినది ఇదియే. క్రొత్త ఆటలకు పనికిరాదని మూలనబెట్టిన యంత్రమునకు లైనక్స్ ఎక్కించినచో, అది మఱి పదేండ్లు ఊడిగము చేయును.

తెలుగులిపి కంప్యూటరునకు ఎక్కినది కూడ చాలవఱకు ఇట్టి తీరికవేళల శ్రమచేతనే. 1991లో ముక్కవిల్లి దంపతులు తెలుగు టెక్ అను అచ్చువిధానమును రూపొందించిరి. హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతిని కల్పించిరి. ఆ విశ్వవిద్యాలయపు పేరుతోనే అది ప్రసిద్ధమైనది. 1991లోనే యూనికోడు అను అంతర్జాతీయ సంకేతపద్ధతిలో తెలుగునకు స్థానము లభించినను, మన పత్రికలు చాలకాలము ఎవరి అక్షరములు వారివిగనే నడిపినవి. ఒకరి పత్రిక మఱియొకరి యంత్రమున చదువరాకుండెడిది. ఆ చిక్కును విడదీయుటకు వెన్న నాగార్జున ‘పద్మ’ అను సాధనమును వ్రాసెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవాడు కూడ ఆయనయే. వీరిలో ఎవరికిని ఈ పనికై జీతము ముట్టలేదు.

ఇట్టి యంత్రమును ఇంట నుంచుకొనుట వలన ఏమి ప్రయోజనమని అడుగువారు కలరు. నా మట్టుకు ప్రయోజనము క్యాసెట్లలో ఉన్నది. మా నాన్నగారు 1980లలో రేడియో నాటకములను, భక్తిరంజని పాటలను టేపులలో పట్టి యుంచిరి. రేడియోనుండి టేపునకు తీగె కలుపు సదుపాయము అప్పుడు లేదు. రేడియో యెదుట టేపు రికార్డరును పెట్టి, అందఱిని మాటాడవద్దని కట్టడి చేసెడివారు. ఆ కట్టడి ఎవ్వరును పాటింపలేదు. నాటకములో నాయిక కన్నీరు పెట్టుచుండగా, వెనుకనుండి మా నాయనమ్మ “పాలు పొంగిపోతున్నాయి, చూడండర్రా!” అని కేకవేయుట స్పష్టముగ వినబడును. ఆమె గొంతు మాకు మిగిలినది ఆ ఒక్కచోటనే. ఆ దినములలో టేపు ప్రియమైన వస్తువు. ప్రసారము కాగానే పాతదానిని చెఱిపి, అదే టేపుపై మఱియొకటి ముద్రించుట లోకమంతట రేడియో కేంద్రముల వాడుక. కావున కేంద్రములో మిగులని నాటకము ఒక శ్రోత యింటిలో మిగిలియుండుట కలదు. వినెడి యిల్లు తనకు తెలియకయే పలికెడి యిల్లయినది.

క్యాసెట్టు చిరంజీవి కాదు. మా ఊరి తేమకు బూజు పట్టును. టేపు ఒకదాని కొకటి అంటుకొనును. అందుచేత వానిని కంప్యూటరులోనికి ఎక్కింపవలసివచ్చినది. ఒక గంట సంగీతమును తఱుగులేకుండ నిలుపుటకు సుమారు 635 మెగాబైట్ల చోటు కావలెను. 1956లో ఐ. బి. ఎం. వారు తెచ్చిన ప్రపంచపు మొదటి డిస్కుయంత్రము ఒక టన్నుకు మించిన బరువు కలది. అందులో పట్టినది నాలుగు మెగాబైట్ల లోపు. ఒక గంట పాటకు అట్టివి నూటడెబ్బది వఱకు కావలసియుండును. నేడు అఱచేతిలో పట్టు నాలుగు టెరాబైట్ల డిస్కులో ఆఱువేల గంటలకు మించి నిలుపవచ్చును. నేను ఒక కార్యాలయమువారు వేలమువేసిన పాత యంత్రమును కొని, అందులో అట్టి డిస్కులు రెండు బిగించితిని. ఒకదానిలో వ్రాసినదెల్ల రెండవదానిలోను అదే క్షణమున వ్రాయబడును. ఈ జంటడిస్కుల పద్ధతికి 1988లో బర్క్లీ విశ్వవిద్యాలయపు పండితులు ముగ్గురు శాస్త్రరూపమిచ్చిరి. చౌకడిస్కులను గుంపుగ చేర్చి నమ్మకము సంపాదించుట వారి ఆలోచన.

కొండపల్లిలో దీనిని నిలుపుట పుస్తకములలో వ్రాసినంత సులభము కాదు. వేసవిలో మధ్యాహ్నము 45 డిగ్రీల వేడి. ఆ వేళ డిస్కు చేతికి తగిలినచో కాలిన పెనమును తాకినట్లుండును. విద్యుత్తు పోయి వచ్చునప్పటి పోటు ఒకసారి విద్యుత్సరఫరా పెట్టెను మాడ్చినది. మఱియొకసారి పంకా ఆగుటకు కారణము వెదకగా, వెచ్చదనమునకై చేరిన బల్లి ఎముకలు దొరకినవి. విదేశీయుల గ్రంథములలో బల్లిని గుఱించి ఒక్క ముక్కయు లేదు. అప్పటినుండి పెట్టె రంధ్రములకు దోమతెఱ కట్టితిని. నెలకొకసారి దుమ్ము దులుపుదును.

ఖర్చు లెక్క కూడ చెప్పవలెను. 60 వాట్ల యంత్రము ఎడతెగక పనిచేసినచో నెలకు 43 యూనిట్ల కరెంటు అగును. ఒక యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున, నెలకు ముప్పది కిలోల బొగ్గు. ఇతరులకు ఇది అంకెయే. మాకు అట్లు కాదు; ప్రక్కనే ఇబ్రహీంపట్నములో 1979నుండి పనిచేయుచున్న థర్మల్ కేంద్రపు పొగగొట్టములు మా డాబాపైనుండి కనబడును. ఇంటింటను పెద్ద యంత్రము ఉండవలెనని నేను వాదింపను. పాత టేపులు లేని యింటికి చీటిపేక ముక్కంత యంత్రము చాలును. దానికి నెలకు నాలుగు యూనిట్లు మించవు.

యంత్రము నిలిచినది, గొంతులు చేరినవి. ఇక అమెరికాలోని తమ్ముడు ఆ నాటకమును వినవలెననినచో ఎట్లు? ఇచ్చటనే పాత ప్రశ్న మఱల తలయెత్తును. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకు టెలిఫోను నంబరువంటి ఒక చిరునామా కావలెను. మొదట కల్పించిన పద్ధతిలో అట్టివి 429 కోట్లు మాత్రమే. 2011 ఫిబ్రవరి 3వ తేదీన పంచిపెట్టు సంస్థకడ చివరి భాగములు అయిపోయినవి. అందుచేత సరఫరా చేయువారు వందల యిండ్లకు ఒకే చిరునామాను పంచి యిచ్చుచున్నారు. ఒక పెద్ద సత్రమునకంతటికి ఒకే టెలిఫోను ఉన్నదనుకొనుడు. లోపలివారు బయటికి పిలిచినచో జవాబు వచ్చును. బయటివాడు పిలిచినచో ఏ గదివారికి ఇవ్వవలెనో ద్వారపాలకునికి తెలియదు, పెట్టివేయును. అనగా గృహము అడిగి తెప్పించుకొనవచ్చును గాని, అడిగినవారికి అందింపలేదు. 1933నాటి చట్టము చేసిన పనిని, ఎవ్వరును సంకల్పింపకయే, అంకెల కఱవు మఱల చేసినది.

2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబరుగ్రిడ్డును ప్రారంభించిరి. కరెంటు స్తంభములమీదుగ గాజుతీగె గ్రామములకు సాగినది. నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు అని ప్రకటించిరి. ఇది గొప్ప మేలే. కాని తీగె ఎంత లావైనను, చిరునామా లేని యింటికి అది వినెడి తీగెయే. దీనికి రెండు ఉపాయములు కలవు. ఒకటి, ఇంటి యంత్రమే బయట అద్దెకు తీసికొన్న మఱియొక యంత్రమును పిలిచి, ఆ మాట తెగకుండ పట్టుకొనియుండుట. వచ్చినవారు ఆ తెఱచిన దారిలోనే లోపలికి రావలెను. రెండవది క్రొత్త చిరునామా పద్ధతి. అందులో అంకెలకు కఱవు లేదు. ప్రతి బల్బునకు ఒకటి యిచ్చినను మిగులును. 1990లలోనే రూపొందిన ఆ పద్ధతి వాడుకలో నేడు మన దేశము ప్రపంచమున ముందువరుసలో ఉన్నది. కాని ఇంటి తలుపు తెఱచినచో దొంగ కూడ వచ్చును. నా యంత్రపు తలుపు తట్టి తాళము పరీక్షించువారు దినమునకు వందలు. వారిలో మనుష్యులు లేరు, అన్నియు యంత్రములే. కావున కుటుంబమువారికి మాత్రమే తాళపుచెవి ఇచ్చితిని.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగినది. మైలవరపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ యేఱు, వెలగలేరునుండి కృష్ణకు మళ్లించు కాలువకు కొండపల్లి దాపుననే గండ్లు పడుటచేత విజయవాడ సింగునగరు మున్నగు పేటలను ముంచివేసెను. సైనికులు కూడ వచ్చి గండ్లు పూడ్చుటకు వారమువఱకు పట్టినది. నీరు తీసిన పిదప పలువురు తడిసిన కంప్యూటరులను వీధిలో ఎండబెట్టిరి. డిస్కు పెట్టెకు గాలియాడుటకు ఒక సూదిబెజ్జము ఉండును. ఆ దారిని బురదనీరు లోపల చేరును. అట్టిదానికి వెంటనే కరెంటు ఇచ్చినచో పలకపై గీతలు పడి అంతయు నశించును. మీట నొక్కక, తెలిసినవారికి అప్పగించినచో కొంత దక్కవచ్చును. జంటడిస్కులు ఇట్టివేళ రక్షింపవు. రెండును ఒకే పెట్టెలో మునుగును.

పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ప్రచారములోనికి తెచ్చిన లెక్క యొకటి కలదు: ప్రతులు మూడు, వాని జాతులు రెండు, అందొకటి దూరమున. దూరమనగా ఎంత? విజయవాడలోని బంధువుల యిల్లు దూరము కాదు. అదే యేఱు అచ్చటికిని పోవును. మా మేనత్త కుమారుడు నూజివీడులో ఉన్నాడు, అది మెట్టప్రాంతము. ఆతని యింట ఒక చిన్న యంత్రమును, దానికొక డిస్కును పెట్టించితిని. మా టేపుల మొత్తము 300 గిగాబైట్లు. సెకనుకు 15 మెగాబిట్ల తీగెపై దానిని పంపుటకు 44 గంటలు పట్టును. నడుమ కరెంటు పోకుండవలెను. అంతకన్న బస్సు మేలు. డిస్కును తువాలులో చుట్టి ఒడిలో పెట్టుకొని పోయి, ఒక పూటలో పని ముగించుకొని వచ్చితిని. ఇప్పుడు ప్రతి రాత్రి రెండు గంటలకు, ఆనాడు క్రొత్తగ చేరినవి మాత్రము తీగెమీద నూజివీడునకు పోవుచున్నవి. సాధారణముగ అది నాలుగైదు నిమిషముల పని.